నీళ్ళ కచేరీ ధవళేశ్వరం

నరసాపురం మనిషికి సర్కారుతో పెద్ద పని పడితే ఏ ఊరు వెళ్ళాలన్నది కాలాన్నిబట్టి మారుతూ వచ్చింది. 1859లో గోదావరి జిల్లా ఏర్పడినప్పుడు జిల్లా కేంద్రం కాకినాడ. 1904లో గోదావరికి పడమట ఉన్న తాలూకాలను కృష్ణా జిల్లాలో కలిపారు, దాంతో అర్జీలు మచిలీపట్నం దారి పట్టాయి. 1925లో పశ్చిమ గోదావరి జిల్లా వచ్చాక ఏలూరు వెళ్ళాల్సి వచ్చింది. 2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్విభజన జరిగాక ఇప్పుడు భీమవరం. నూట అరవై ఏళ్ళ పైచిలుకులో నాలుగు కేంద్రాలు మారాయి. అయితే వానాకాలపు సార్వా పంటకు నీళ్ళు ఎప్పుడొస్తాయి, రబీ దాళ్వాకు సరిపోతాయా, ఈ ఏడు వరద ఎంత ఎత్తుకు లేస్తుంది అన్న మూడు ప్రశ్నలకూ జవాబు మాత్రం ఆనాటి నుంచీ ఒకే ఊరి నుంచి వస్తోంది. అదే ధవళేశ్వరం. గోదావరి డెల్టాకు నీళ్ళ కచేరీ అది.

నరసాపురం నుంచి రోడ్డున బయల్దేరితే పాలకొల్లు దాటి, సిద్ధాంతం దగ్గర వశిష్ఠను, రావులపాలెం దాటాక జొన్నాడ దగ్గర గౌతమిని దాటాలి. ఈ రెండు గోదావరి పాయలూ ఎక్కడ విడిపోయాయో చూడ్డానికే మన ప్రయాణం. కడియం నర్సరీల పచ్చదనం పక్కనుంచి సాగి వేమగిరి దగ్గర ఎడమకు మళ్ళితే కాసేపట్లో ధవళేశ్వరం గట్టు కనిపిస్తుంది. పాపికొండల ఇరుకులోంచి బయటపడి, రాజమహేంద్రవరం దగ్గర విశాలమైన గోదావరి ఇక్కడికి వచ్చేసరికి లంకలతో కలుపుకుని ఆరు కిలోమీటర్ల దాకా పరుచుకుంటుంది. ఒడ్డునే లక్ష్మీ జనార్దనస్వామి వెలసిన ధవళగిరి. కొండలకు ఇదే ఆఖరు. ఇక్కడినుంచి సముద్రం దాకా నేలంతా నది తెచ్చి పోసిన ఒండ్రే.

జలవనరుల శాఖ గోదావరి డెల్టా చీఫ్ ఇంజనీరు, సూపరింటెండింగ్ ఇంజనీరు కార్యాలయాలు ఈ ఊళ్ళోనే ఉన్నాయి. కోటలూ గుమ్మటాలూ ఆశించి వచ్చినవారికి ఇక్కడ అలాంటివేమీ కనిపించవు. ఇక్కడి అధికారమంతా అడుగుల్లో, క్యూసెక్కుల్లో (సెకనుకు ఘనపుటడుగుల్లో), గేటు ఎంత ఎత్తాలన్న లెక్కలో ఉంటుంది. పది లక్షల ఎకరాల ఆయకట్టుకు తలుపు ఎప్పుడు తీయాలో, ఎంత తీయాలో తేల్చే చోటు ఇది. ఆ లెక్క వెనకున్న చరిత్రంతా చూడాలంటే ముందుగా అడుగుపెట్టాల్సింది సర్ ఆర్థర్ కాటన్ మ్యూజియంలో. ఇంజనీరింగ్ శాఖ పాత కట్టడాన్నే మ్యూజియంగా మార్చారు. ఆనకట్ట, తూములు, లాకులు, అక్విడక్టుల నమూనాలు, పాత ఛాయాచిత్రాలు రెండంతస్తుల్లో ఉన్నాయి.

ఆ నమూనాల విలువ తెలియాలంటే ఆనకట్టకు ముందు ఈ నేల ఎలా ఉండేదో గుర్తు చేసుకోవాలి. 1832, 33 సంవత్సరాల నందన కరువు కోస్తాను ఊడ్చేసింది. 1839లో కోరంగి దగ్గర విరుచుకుపడిన తుపాను ఉప్పెన వేలమందిని మింగింది. వానాకాలంలో ఏరు పొంగి పొలాలు ముంచేది, ఆ నీరే నాలుగు నెలలు తిరిగేసరికి చుక్క నిలవకుండా సముద్రంలో కలిసేది. రాజమండ్రి జిల్లా జనాభా 1821లో సుమారు 7 లక్షల 38 వేలు ఉంటే, 1841 నాటికి 5 లక్షల 61 వేలకు పడిపోయింది. నిండుగా పారే నది ఒడ్డున ఇరవై ఏళ్ళలో నలుగురిలో ఒకరు లేకుండా పోయారు. కొందరు చచ్చిపోయారు, కొందరు ఊళ్ళు విడిచి వలసపోయారు.

ఆ రోజుల్లో కుంఫిణీ ప్రభుత్వం సర్ హెన్రీ మౌంట్‌గోమరీని విచారణకు పంపింది. ఆయన నివేదిక వచ్చిన 1844లోనే కాటన్ గోదావరిని పరిశీలించడం మొదలుపెట్టాడు. 1803 మే 15న పుట్టిన ఆర్థర్ థామస్ కాటన్ అప్పటికే కావేరి పాయ కొల్లిడం మీద ఆనకట్టలు కట్టి చేయి తిరిగినవాడు. గట్టి నేల తగలని ఇసుకలో కట్టడం ఎలా నిలబడుతుందో ఆయనకు నేర్పిన గురువు చోళరాజులు కావేరి మీద కట్టిన కల్లణై. లోతు తెలియని ఇసుకలో పునాది ఎలా వేయాలో ఆ పాత కట్టడం చూసే నేర్చుకున్నామని ఆయనే ఒప్పుకున్నాడు. ధవళేశ్వరం దగ్గర ఉన్న అనుకూలాలను కాటన్ కన్ను ఇట్టే పట్టేసింది. నది ఇక్కడ బాగా వెడల్పు కాబట్టి వరద లోతు తక్కువ. నడుమ లంకలున్నాయి కాబట్టి ఆనకట్టను ముక్కలుగా కట్టుకోవచ్చు. పక్కనే కొండ ఉంది కాబట్టి రాయికి వెతుక్కోనక్కర్లేదు. డెల్టాకు సరిగ్గా తల దగ్గర ఉంది కాబట్టి నీళ్ళు అటూ ఇటూ వాలుకు పారతాయి.

1846 చివర్లో అనుమతి వచ్చింది, 1847లో పని మొదలైంది. అంచనా 4 లక్షల 75 వేల రూపాయల పైచిలుకు. పని ముమ్మరంగా సాగినప్పుడు పదివేలమంది కూలీలు కొండ దగ్గర రాయి కొట్టారు, ఇటుక కాల్చారు, పడవల మీద లంకలకు చేరేశారు. ఆరోగ్యం చెడి కాటన్ 1848లో సెలవు మీద వెళితే ఓర్ అనే అధికారి పని ఆగనివ్వలేదు. ఆంగ్ల అధికారుల సరసన నిలబడిన తెలుగు ఇంజనీరు వీణెం వీరన్న. మనుషుల్ని కూడగట్టి, పని నడిపించి, రాయ్ బహద్దూర్ అనిపించుకున్నాడు. 1852 మార్చి 31 నాటికి ఆనకట్ట పూర్తయింది. నదిలో నీళ్ళు తగ్గిన నెలల్లోనే పని, వరద వస్తే అన్నీ సర్దుకుని గట్టెక్కడమే. అలా అయిదు పని కాలాల్లో అంత పెద్ద నదికి అడ్డుగోడ లేచింది.

మ్యూజియంలో కాస్త ఎక్కువసేపు ఆగాల్సింది ఆనకట్ట నమూనాల దగ్గర. ఇసుకలోకి బావులు దించి, వాటి మీద రెండు గోడలు లేపి, గోడల నడుమ ఇసుక, రాయి కూరి, పైన కట్టుబడి వేసి, దిగువ వైపు పెద్ద పెద్ద బండరాళ్ళు ఏటవాలుగా పరిచారు. ఆ వాలు మీదుగా దొర్లే నీరు బలం కోల్పోయి, పునాది కింది ఇసుకను తవ్వకుండా జారిపోతుంది. పన్నెండడుగుల ఎత్తున్న ఈ అడ్డుకట్ట నదిని పూర్తిగా ఆపదు. వరద దానిమీద నుంచి దూకి పోతుంది, మామూలు నీరు మాత్రం కాలువల ఎత్తుకు నిలబడుతుంది. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు భాగాలు, నడుమ పిచ్చుకలంక, బొబ్బర్లంక, మద్దూరులంక. కట్టుబడి మొత్తం పొడవు మూడున్నర కిలోమీటర్లకు పైనే.

అక్విడక్టు నమూనా దగ్గరా ఆగాలి. కోనసీమలో వైనతేయ పాయ అవతల ఉన్న నగరం లంకకు నీళ్ళు పోవాలంటే నదిని దాటాలి. నది మీద మరో నదిలా కాలువను నడిపించాలని హేగ్ అనే యువ అధికారి పూనుకున్నాడు. గన్నవరం దగ్గర 49 కమానుల వంతెన కట్టి దానిమీద కాలువను పారించాడు. అంతటి పనినీ వరద రాకముందే నాలుగు నెలల్లో ముగించాడంటే ఈనాటి ఇంజనీర్లు కూడా ముక్కున వేలేసుకుంటారు. 2000లో దాని పక్కనే కొత్త అక్విడక్టు వచ్చింది. ఆకలిగొన్నవారికి వేళాపాళా చూడకుండా అన్నం పెట్టిన ఆ ప్రాంతపు తల్లి డొక్కా సీతమ్మ పేరు దానికి పెట్టారు. పొలానికి నీళ్ళు పెట్టే కట్టడానికి అన్నం పెట్టిన చేతి పేరు పెట్టడం గోదావరి జిల్లాలకే చెల్లింది.

ఆ కాలువలు పొలానికే కాదు, పడవలకూ దారులు. మట్టాలు మారే చోటల్లా లాకులు కట్టారు. పడవ లాకులోకి వచ్చాక వెనక తలుపులు మూసి, నీటిని పెంచో తగ్గించో, ముందు తలుపులు తీసేవారు. కాకినాడ నుంచి ధవళేశ్వరం మీదుగా ఏలూరు, బెజవాడ దాకా, అక్కడినుంచి బకింగ్‌హాం కాలువలో చెన్నపట్నం దాకా నీళ్ళ మీదే సరుకు సాగింది. పడవలు పోయి ఎన్నో ఏళ్ళయినా డెల్టాలో చాలా ఊళ్ళల్లో బస్సు ఆగే సెంటరు పేరు ఇప్పటికీ ‘లాకులు’.

మ్యూజియం నుంచి బ్యారేజీ మీదికి వెళితే చరిత్ర ఈ రోజుల్లోకి వచ్చేస్తుంది. వందేళ్ళు దాటిన ఆనకట్ట వరదల తాకిడికి అలసిపోవడంతో 1970లో బ్యారేజీ పని మొదలుపెట్టి 1982 నాటికి పూర్తి చేశారు. దీనికీ కాటన్ పేరే. పొడవు 3,599 మీటర్లు, మొత్తం 175 గేట్లు. ధవళేశ్వరం భాగంలో 70, ర్యాలిలో 43, మద్దూరులో 23, విజ్జేశ్వరంలో 39. మొదటి రెండు భాగాల 113 గేట్ల కింద నుంచి పోయే నీరు గౌతమి అవుతుంది, మిగిలిన 62 గేట్ల నీరు వశిష్ఠ అవుతుంది. నరసాపురం రేవులో స్నానం చేసే మనిషి ఒంటి మీద పడేది ఈ 62 గేట్ల నీరే. ఒక్కో గేటు వెడల్పు అరవై అడుగులు. దగ్గరికి వెళ్ళి నిలబడితే ఒక గేటు ఒక ఇంటి ముందు భాగమంత ఉంటుంది. అలాంటివి వరసగా కనుచూపు ఆనినంతమేర సాగిపోతాయి.

బ్యారేజీ వెనక నిలిచే నీటి పూర్తి మట్టం సముద్రమట్టానికి 13.64 మీటర్లు. సముద్రం ఇక్కడికి అరవై డెబ్బై కిలోమీటర్ల దూరం. అంటే ధవళేశ్వరం నుంచి సముద్రతీరం దాకా నేల కిలోమీటరుకు జానెడు చొప్పున వాలుతుందన్నమాట. ఆ జానెడు వాలును ఆసరా చేసుకునే, మోటారు అన్నది లేకుండా, తూర్పు డెల్టాకు ధవళేశ్వరం తల తూము నుంచి, మధ్య డెల్టాకు బొబ్బర్లంక నుంచి, పశ్చిమ డెల్టాకు విజ్జేశ్వరం నుంచి నీళ్ళు పారతాయి. ఆయకట్టులో సగానికి పైగా, అంటే 5 లక్షల పైచిలుకు ఎకరాలు పశ్చిమ డెల్టాదే. ఏలూరు కాలువ, ఉండి కాలువ, అత్తిలి కాలువ, నరసాపురం కాలువ, అన్నీ ఆ విజ్జేశ్వరం తల్లి బిడ్డలే. వాలు ఇంత తక్కువ కాబట్టే ఎగువన ఎవరైనా కాలువకు చిన్న అడ్డు వేసినా, తూడు పేరుకుపోయినా, దిగువన శివారు పొలానికి తడి అందదు. శివారు రైతు కంఠం ఎప్పుడూ ఎందుకు పెద్దగా వినిపిస్తుందో ఈ జానెడు లెక్క తెలిస్తే అర్థమవుతుంది.

బ్యారేజీ దగ్గర చూసి తీరాల్సిన మరో వస్తువు, నీటిలోకి దిగి ఉండే గేజి. అడుగులు, వాటి భాగాలు గీసిన కొలబద్ద అది. ఎండాకాలంలో దానివంక ఎవరూ చూడరు. జూలై నుంచి సెప్టెంబరు దాకా మాత్రం డెల్టా అంతా దాని మీదే చూపు నిలుపుతుంది. నీరు 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. రేడియోలోనూ టీవీలోనూ ఈ అంకె వినగానే లంకల్లో సామాను అటకెక్కుతుంది, పశువులు గట్టెక్కుతాయి. ఎగువన భద్రాచలంలో ఇవే హెచ్చరికలు 43, 48, 53 అడుగుల దగ్గర ఇస్తారు. అక్కడ పెరిగిన నీరు ఇక్కడికి చేరేలోగా దొరికే వ్యవధి వేల ప్రాణాలను కాపాడుతుంది. మొదటి హెచ్చరిక నాటికి గేట్లన్నీ పైకెత్తేసి నదికి దారి వదిలేస్తారు. వరద రోజుల్లో ధవళేశ్వరం కంట్రోల్ రూములో గంట గంటకూ మట్టం రాస్తారు. అధికారులు ఎవరున్నా, ప్రభుత్వం ఏదైనా, ఆ రాత ఆగదు.

1986 ఆగస్టు వరద రాతే అందులో అన్నింటికంటే పెద్దది. భద్రాచలంలో 75 అడుగులు దాటింది, ధవళేశ్వరం నుంచి 35 లక్షల క్యూసెక్కులు సముద్రం వైపు పరుగెత్తాయి. బ్యారేజీ వెనక నిలవగలిగే నీరు 2.93 టీఎంసీలు, అంటే 293 కోట్ల ఘనపుటడుగులు. లెక్క వేసి చూస్తే ఆనాటి వరద ఆ మొత్తాన్ని పద్నాలుగు నిమిషాల్లో నింపేయగలదు. ఇక ఎండాకాలం లెక్క చూద్దాం. కాలువలకు పదివేల క్యూసెక్కుల చొప్పున వదిలితే అదే 2.93 టీఎంసీలు మూడున్నర రోజులు కూడా నిలవవు. ఒకే చోట, ఒకే ఏడాదిలో, ఈ రెండు కొసల మధ్య నిలబడి పంపకం చేయడమే ఈ కచేరీ చేసే పరిపాలన.

అందుకే దాళ్వా వస్తే ఇంజనీర్ల చూపు ఉత్తరాన కొండల మీదికి మళ్ళుతుంది. సీలేరు జలవిద్యుత్ కేంద్రాల్లో కరెంటు తీసి వదిలిన నీళ్ళు శబరిలో కలిసి, కూనవరం దగ్గర గోదావరిలో చేరి, ఇక్కడికి వస్తేనే రబీ వరి గట్టెక్కుతుంది. చాలనప్పుడు వంతులు పెడతారు, ఇన్ని రోజులు ఈ కాలువకు, ఇన్ని రోజులు ఆ కాలువకు అని. జిల్లాల్లో నీటిపారుదల సలహా మండలి సమావేశాలు పెట్టి, ప్రజాప్రతినిధులు, రైతులు, అధికారులు ఒకచోట కూర్చుని తేదీలు తేలుస్తారు. పంట చేతికొచ్చాక వేసవిలో కాలువలు కట్టేసి, పూడిక తీసి, షట్టర్లు బాగుచేసి, జూన్‌లో మళ్ళీ తెరుస్తారు. కాలువ కట్టే ముందు ఊరూరా మంచినీళ్ళ చెరువులు నింపుకోవాలి. ఎగువన 194.6 టీఎంసీల పోలవరం జలాశయం పూర్తయితే ఈ మూడున్నర రోజుల దిగులు తీరుతుందని డెల్టా ఎదురుచూస్తోంది.

నరసాపురానికి ఈ కచేరీతో ఉన్న బంధం తక్కిన ఊళ్ళకంటే ఒక పిసరు ఎక్కువ. ఊరి పక్కనే వశిష్ఠ ఉంది. పదిహేడో శతాబ్దంలో యూరోపు వర్తకులు ఇక్కడే ఓడలు కట్టించుకున్నారు. పేరుతో డచ్చివాళ్ళను తలపించే వలంధర రేవు ఇప్పటికీ స్నానాల రేవు. ఇంగ్లీషువాళ్ళు వర్తకశాల పెట్టిన మాధవాయిపాలెం నుంచి సఖినేటిపల్లికి పంటు దాటుతూనే ఉంది. అయినా అంత నది దగ్గరుంచుకుని ఊరు తాగేది కాలువ నీళ్ళు. అంతర్వేది దగ్గర కడలిలో కలిసే వశిష్ఠలోకి సముద్రపు పోటు ఎదురెక్కి నరసాపురం దాకా వస్తుంది, ఎగువ నుంచి నీరు తగ్గిన వేసవిలో నది ఉప్పగా మారుతుంది. తియ్యటి నీరు కావాలంటే విజ్జేశ్వరంలో తూము తెరవాలి. నది చివరన ఉన్న ఊరు నది తల దగ్గరున్న ఒక నిర్ణయం మీద బతుకుతోంది. కుట్టుదారంతో ప్రపంచానికి లేసులు అల్లి పంపి, 2024లో భౌగోళిక గుర్తింపు పొందిన ఊరికి, ఇంట్లో బిందె నింపే ధార మాత్రం ధవళేశ్వరం నుంచే రావాలి.

బ్రిటిషు కాలపు పాలకుల విగ్రహాలు దేశంలో చాలాచోట్ల చౌరస్తాల నుంచి తప్పుకున్నాయి. గోదావరి జిల్లాల్లో మాత్రం కాటన్ విగ్రహాలు లేస్తూనే ఉన్నాయి, కొన్నిచోట్ల గుర్రమెక్కి, కొన్నిచోట్ల నిలువెత్తున. మే 15న రైతులే దండలు తెచ్చి వేస్తారు. కాటన్ 1899లో కన్నుమూశాడు, మరుసటి ఏడాది కూతురు లేడీ హోప్ ఆయన జీవితకథను పుస్తకంగా తెచ్చింది. ఆ గౌరవం న్యాయమైనదే. అయితే దండ వేసే చెయ్యి వీణెం వీరన్నకూ ఒకటి వేయాలి, పేర్లు రాయని పదివేల మంది కూలీలకూ ఒకటి వేయాలి. ఈనాటికీ అర్ధరాత్రి టార్చిలైటు వేసుకుని కాలువ గట్టు మీద తూములు చూసే లస్కరుకూ దండం పెట్టాలి. ఆనకట్ట ఒక్కసారి కట్టారు, నీళ్ళు మాత్రం రోజూ పంచాలి.

చూడదలచినవారికి దారి తేలిక. రైల్లో రాజమహేంద్రవరం దిగితే ధవళేశ్వరం ఎనిమిది కిలోమీటర్లు, ఆటోలు, బస్సులు ఉంటాయి. నరసాపురం నుంచి రోడ్డున ఎనభై కిలోమీటర్ల దాకా వస్తుంది. మ్యూజియం తెరిచి ఉండే వేళలు ముందుగా కనుక్కుని వెళ్ళండి. కార్యాలయం గదులూ, గేట్లు నడిపే చోటూ చూడాలంటే అధికారుల అనుమతి తీసుకోవాలి. గోదావరి నిండుగా కనిపించేది ఆగస్టులో, గేట్ల కట్టుబడి వివరంగా కనిపించేది ఫిబ్రవరి, మార్చి నెలల్లో. వరద హెచ్చరిక ఉన్న రోజుల్లో మాత్రం గట్టు మీదికి పిల్లలతో వెళ్ళకపోవడమే మంచిది.

మ్యూజియం చూశాక అక్కడితో ఆగకండి. బ్యారేజీ మీదుగా లంకలు దాటి విజ్జేశ్వరం వెళ్ళి, పశ్చిమ డెల్టా తల తూము దగ్గర నీళ్ళు కాలువలో దూకే చోటు పిల్లలకు చూపించండి. గేజి మీద అంకె చదవడం నేర్పండి. క్యూసెక్కు అంటే ఎంతో, టీఎంసీ అంటే ఎంతో అక్కడే చెప్పండి, పుస్తకంలో రెండు పేజీలు చదివినా అంటని లెక్క అక్కడ రెండు నిమిషాల్లో అంటుతుంది. జిల్లా కేంద్రం ఎక్కడుండాలన్న దాని మీద పెద్దలు రేపు కూడా వాదించుకుంటారు. నీళ్ళు ఎంతున్నాయో, ఎవరి వంతు ఎప్పుడో చదివి అడగగలిగిన రైతు బిడ్డ మాత్రం ఏ జిల్లాలో ఉన్నా తన వాటా తెచ్చుకుంటాడు.